నాన్నను బడికి పిలిచే తేదీ ఊరి క్యాలెండర్ చూసి పెట్టాలి

ఏటా జూన్ మూడో ఆదివారం ఫాదర్స్ డే. మన రెండు రాష్ట్రాల్లో బడులు తెరిచేదీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. పుస్తకాలకు అట్టలు వేయడం పూర్తికాకముందే చాలా ప్రైవేటు స్కూళ్లలో గ్రీటింగ్ కార్డులు తయారవుతాయి. ఆదివారం బడి ఉండదు కాబట్టి పనిరోజునే స్టేజీ మీద పాటలు, నాన్నలతో సెల్ఫీలు. పిల్లల ముఖాల్లో ఆ సంబరం నిజమైనదే, దాన్ని తక్కువ చేయను. కానీ ఆ వేడుకకు రాగలిగే నాన్నలెవరు? నెల జీతం ఉండి, అడిగితే సెలవు దొరికేవాళ్లు. జూన్ అంటే తొలకరి. విత్తనాలకీ అప్పుకీ తిరిగే రైతు, అడ్డా మీద నిలబడితే గానీ పూట గడవని కూలీ ఆ రోజుల్లో బడి గేటు దాకా ఎలా వస్తారు?

'నాన్నలు అసలు పట్టించుకోరండీ' అని టీచర్లు అంటుంటారు. కొంత నిజమే. చదువు సంగతి అమ్మ చూసుకుంటుందని చేతులు దులుపుకునే మగవాళ్లు తక్కువేం లేరు. కానీ బడి కూడా నాన్నను దూరం పెట్టింది. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఎక్కువగా అమ్మ నంబరే ఉంటుంది. మీటింగేమో పనిరోజున పదింటికి. ప్రభుత్వ పథకాలూ తల్లి పేరు మీదే నడుస్తున్నాయి. పిల్లల చదువుకు తల్లి ఖాతాలో డబ్బు వేసే అమ్మఒడి ఏపీలో 2020 జనవరిలో మొదలైంది, దాని స్థానంలో 2025 జూన్‌లో తల్లికి వందనం వచ్చింది. తెలంగాణలో 2024లో బడి పనులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. తల్లి ఖాతాలో డబ్బు వేయడం మంచి నిర్ణయం, అది అలాగే ఉండాలి. దాంతోపాటు నాన్నకూ బడిలో ఒక పని, ఒక చోటు చూపించాలి.

పిలవాల్సిన తీరులో పిలిస్తే ఎలా ఉంటుందో 2024 డిసెంబర్ 7న కొంత చూశాం. ఆ శనివారం ఏపీ ప్రభుత్వ బడులన్నిటా ఒకేసారి మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. ముఖ్యమంత్రి బాపట్ల మున్సిపల్ హైస్కూల్‌కు వెళ్లారు. తల్లులకు ముగ్గుల పోటీలు, తండ్రులకు టగ్ ఆఫ్ వార్ పెట్టారు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నాకు బాగా నచ్చింది అదే. ప్రోగ్రెస్ కార్డు ముందు పెట్టి మార్కుల గురించి మాట్లాడితే, చదువురాని తండ్రి తలవంచుకుని కూర్చుంటాడు. అదే మనిషి పంచె ఎగగట్టి తాడు పట్టుకుంటే, పక్కన కొడుకు గొంతు పోయేలా అరుస్తాడు. ఆ తర్వాత టీచరుతో మాట్లాడటానికి ఆయనకు అంత బెరుకు ఉండదు.

అసలు నాన్న ఊళ్లోనే లేని ఇళ్లు ఎన్నో. జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయ్‌కి, రాయచోటి, కోనసీమ వైపు నుంచి కువైట్‌కి వెళ్లినవాళ్లున్నారు. శ్రీకాకుళం తీరం నుంచి మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా పోయి నెలల తరబడి అక్కడే పడవల మీద ఉంటారు. నాన్న చనిపోయిన పిల్లలు, వదిలేసి వెళ్లిన పిల్లలు సరేసరి. 'మీ నాన్నగారికి కార్డు రాయండి' అని క్లాసంతటికీ ఒకే మాట చెబితే, వెనక బెంచీలో ఒక పాప స్కెచ్ పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంటుంది. 'నిన్ను రోజూ బడికి ఎవరు దింపుతారమ్మా? ఆయన పేరు రాయి' అంటే ఆ పాప పెన్ను ఆగదు. తాతయ్య అనో, మావయ్య అనో, బాబాయి అనో రాస్తుంది.

తెలుగు ఇళ్లకు ఇది కొత్తేం కాదు. పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకునేది మేనమామే. పెళ్లికూతుర్ని బుట్టలో మండపానికి తెచ్చేదీ ఆయనే. చట్టంలోనూ చోటుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బిడ్డ బాగోగులు ఎవరి చేతుల్లో ఉంటే వాళ్లే సంరక్షకులు. ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. అంటే మనవణ్ని పెంచుతున్న తాత ఆ కమిటీలో దర్జాగా కూర్చోవచ్చు. ఈ సంగతి ఆయనకు చెప్పేవాళ్లే తక్కువ.

నాన్న బదులు మరొకర్ని బడికి పిలిస్తే పిల్లల భద్రత మాటేమిటని అడిగేవాళ్లకు నా దగ్గరున్న సమాధానం ఇది. నాన్న వరసలో ఎవరు రావాలో తల్లి గానీ, బిడ్డను చూసుకునేవాళ్లు గానీ ముందే రాసివ్వాలి. ఫోటో, ఫోన్ నంబరు రిజిస్టర్‌లో ఉండాలి. తెలిసినవాడే కదా అని ఎవర్నీ లోపలికి వదలకూడదు. ఈ విషయంలో మొహమాటం అసలు పనికిరాదు.

ఇక తేదీ సంగతి. వలస వెళ్లిన నాన్నల్లో చాలామంది ఇంటికొచ్చేది పండక్కే. ఆంధ్రాలో అది సంక్రాంతి, తెలంగాణలో ఎక్కువగా దసరా. అప్పటికి బడికి సెలవులుంటాయి నిజమే. అయినా పండగ వారంలో ఒక్క సాయంత్రం, ఐదు నుంచి ఏడు దాకా బడి తెరిస్తే చాలు. టీచర్లకు ఆ పూటకు బదులు మరో రోజు సెలవు ఇవ్వాలి, వాళ్లకూ ఇళ్లున్నాయి. స్టేజీ, మైకు, శాలువాలు అక్కర్లేదు. పిల్లలు తమ నోట్‌బుక్కులు చూపిస్తారు, నాన్నలో తాతలో విరిగిన బెంచీలకు మేకులు కొడతారు, వెళ్లేటప్పుడు తమ నంబరు క్లాసు గ్రూపులో చేర్పించుకుంటారు. ఏ ఊరికి ఏ సాయంత్రం వీలో తేల్చాల్సింది ఆ ఊరి కమిటీయే. విద్యాశాఖ చేయాల్సిందల్లా ఆ తేదీ పెట్టుకునే స్వేచ్ఛ బడికి ఇస్తూ ఒక ఉత్తర్వు ఇవ్వడం, అడ్మిషన్ ఫారంలో తల్లి, తండ్రి పేర్ల కింద 'బిడ్డను చూసుకునే మరొకరు' అని ఇంకో గడి కలపడం.