ట్రేడ్ డీల్ చూడాలంటే పేటెంట్ల చాప్టర్ తీయండి

రెండు దేశాల మధ్య ట్రేడ్ డీల్ కుదిరిందనగానే టీవీల్లో కార్లు, విస్కీ, రొయ్యల మీద సుంకం ఎంత తగ్గిందనే లెక్కలే నడుస్తాయి. మేం మాత్రం ముందు పేటెంట్ల చాప్టర్ తీసి చూడమంటాం, మామూలోడి మందుల ఖర్చు తేలేది అక్కడే.

కిడ్నీ, లివర్ క్యాన్సర్‌కి వాడే, బేయర్ అనే కంపెనీ వాళ్ల మందు నెక్సావర్ ఒకప్పుడు నెలకి దాదాపు 2.8 లక్షలు. 2012 మార్చిలో మన హైదరాబాద్ కంపెనీ నాట్కోకి పేటెంట్ ఆఫీసు కంపల్సరీ లైసెన్స్ (పేటెంట్ ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా ఆ మందు తయారుచేసుకునే అనుమతి) ఇచ్చాక అదే మందు 8,800కి వచ్చింది, బేయర్‌కి రాయల్టీ కట్టమని కూడా చెప్పారు కాబట్టి ఇందులో ఎవరి సొమ్మూ ఊరికే లాక్కున్నది లేదు. ఈ వెసులుబాటుని 2001లో దోహాలో ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో) దేశాలన్నీ ఒప్పుకున్నాయి, పేద దేశాలు గుంపుగా నిలబడ్డాయి కాబట్టే అది సాధ్యమైంది. అదే ఒక్కో దేశాన్నీ విడిగా కూర్చోబెట్టి మాట్లాడితే ఏమవుతుందో జోర్డాన్‌ని చూడండి.

అమెరికాతో దాని ఒప్పందం 2001 డిసెంబర్‌లో అమల్లోకొచ్చింది, అందులో డేటా ఎక్స్‌క్లూజివిటీ అనే షరతుంది. అంటే కొత్త మందు కనిపెట్టిన కంపెనీ ట్రయల్స్ రిజల్ట్స్‌ని చూసి జెనరిక్‌కి (అదే మందుని వేరే కంపెనీ చవగ్గా చేసే రకానికి) పర్మిషన్ ఇవ్వకూడదు, అదీ కొన్నేళ్లపాటు, పేటెంట్ లేకపోయినా సరే! 2007లో ఆక్స్‌ఫామ్ అనే స్వచ్ఛంద సంస్థ లెక్క తీస్తే అక్కడ పేటెంటే లేని 103 కొత్త మందుల్లో కనీసం 79 శాతానికి ఈ షరతు వల్ల జెనరిక్ పోటీయే లేదు.

2024లో స్విట్జర్లాండ్, నార్వే ఉన్న ఎఫ్టా కూటమితో డీల్‌లో మనవాళ్లు ఈ షరతుకి ఒప్పుకోలేదు, అందుకు మెచ్చుకోవాల్సిందే. కానీ 2025 జులైలో బ్రిటన్‌తో సంతకం పెట్టిన ఒప్పందంలో మందులు అందరికీ అందాలంటే వాలంటరీ లైసెన్సులే (పేటెంట్ ఉన్న కంపెనీ తనంతట తాను ఇచ్చేవి) మేలైన దారి అని రాసుకున్నారు, ఆ ఒక్క వాక్యం మాకు చాలా భయంగా ఉంది, రేపు ఇంకో నెక్సావర్ లాంటి కేసొస్తే కంపెనీ లాయర్లు ముందు చూపించేది దాన్నే.

మన దగ్గర ఇలాంటి ఒప్పందాలకి పార్లమెంట్ ఆమోదం తప్పనిసరి కాదు, కేబినెట్ ఓకే అంటే చాలు. అందుకే మేం అడిగేది ఒక్కటే, సంతకానికి ముందే ఈ చాప్టర్‌ని సభలో పెట్టండి, క్యాన్సర్ పేషెంట్ల తరఫున మాట్లాడేవాళ్లనీ జెనరిక్ కంపెనీలనీ స్టాండింగ్ కమిటీ ముందుకి పిలిచి వినండి.