ట్రాక్టర్ నిర్ణయ శాస్త్రం: పర్లాకిమిడి సంప్రదాయం

పిల్లనిచ్చే ముందు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడమని పెద్దలు చెప్పారు గానీ, ట్రాక్టర్ కొనే ముందు ఏమి చూడాలో చెప్పకుండానే వెళ్ళిపోయారు. ఆ లోటును పూరించే భారాన్ని ఒడిశా–ఆంధ్ర ఎల్ల మీదున్న మా పర్లాకిమిడిలో ఒక టీ కొట్టు చాలా ఏళ్ళ క్రితమే నెత్తికెత్తుకుంది. అక్కడి బల్లల ముందు పరీక్ష నెగ్గని ట్రాక్టర్ ఈ చుట్టుపక్కల పొలాల్లో దిగదు. ఒకవేళ దిగినా గౌరవంగా బతకదు. ఇంతకాలం నోటిమాటగానే సాగుతున్న ఆ శాస్త్రాన్ని ఇప్పటికైనా కాగితం మీద పెట్టకపోతే రేపటి తరానికి అన్యాయం జరుగుతుందన్న ఉద్దేశంతో ఈ వ్యాసానికి పూనుకున్నాను. నా అర్హత ఏమిటని ఎవరైనా అడగవచ్చు. కిందటి వైశాఖం నుంచి నేను ఒక చిన్న ట్రాక్టర్ కొనబోతూ ఉన్నాను.

నాకున్నది మహేంద్రతనయ నది దగ్గర నాలుగెకరాల పల్లం, దాని ఎగువన ఎకరంన్నర మెట్ట. పల్లంలో మడులు చిన్నవి, గట్లు ఎక్కువ; పెద్ద ట్రాక్టర్ మడిలో దిగి ఒకసారి వెనక్కు తిరిగేసరికి మడి అయిపోయి పక్కవాడి గట్టు మొదలవుతుంది. అందుచేత 20కీ 28కీ మధ్య హార్స్‌పవర్ ఉండి, నాలుగు చక్రాలూ లాగే చిన్న బండి, దానికి తగిన నాలుగడుగుల రోటావేటర్ (మట్టిని తిప్పి గుల్ల చేసే పనిముట్టు) ఉంటే నా కష్టాలు గట్టెక్కుతాయని ఒక పాత కేలండరు వెనుక లెక్క వేసుకున్నాను. కొనదలచినవాడు తానే లెక్క వేసుకోవడం శాస్త్రవిరుద్ధమని మా బావమరిది ఆ సాయంత్రమే నాకు తెలియజెప్పి, టీ కొట్టుకు వెంటబెట్టుకుని వెళ్ళాడు. మా బావమరిది బరంపురంలో చీరల వ్యాపారం చేస్తాడు. నేల విషయంలో ఆయన అభిప్రాయాలు చాలా గట్టివి.

ఈ సంప్రదాయంలో బండి మన్నికను రేకును బట్టి నిర్ణయిస్తారు. ఒక ఇటుక బట్టీ యజమాని ఇందులో ప్రామాణికుడు. ఆయన బానెట్‌ను వంచిన వేలితో మూడుసార్లు కొట్టి, పుచ్చకాయ పండిందో లేదో చెప్పినట్లు, బండి ఎన్నేళ్ళు నడుస్తుందో చెప్పగలడు. "ఇంజనుదేటుంది బాబూ, ముందు రేకు సూడు" అన్నది ఆయన సూత్రవాక్యం. మందం రేకు బరువుకు గుర్తు, బరువు మొండితనానికి గుర్తు, మొండిదే నమ్మదగినది. దమ్ములో, అంటే నాట్లకు ముందు మడిని నీటితో బురదగా కలియదున్నేటప్పుడు, బరువే మొదటి శత్రువు కదా, ఎక్కువ బరువున్న బండి మడి అడుగున ఉన్న గట్టిపొరను కోసుకుంటూ దిగబడిపోతుంది కదా, చిన్న బండిని ఎంచుకోవడమే దాని తేలికదనం కోసం కదా అని నేను సవినయంగా మనవి చేసుకున్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, అటువంటప్పుడు చిన్న బండి కొని దాని చక్రాల ట్యూబుల్లో నీళ్ళు నింపించుకోమని సలహా ఇచ్చాడు. ఆయనకు నా పల్లంతో పని లేదన్న సంగతి తరువాత గ్రహించాను. దమ్ములు అయిపోయాక ఆ బండి తన ఇటుకలు తోలాలన్నది ఆయన దూరదృష్టి. ఇరవై నాలుగు హార్స్‌పవర్ల బండికి మూడు టన్నుల ఇటుకల తొట్టిని తగిలించి, ఘాటు రోడ్డు ఎక్కించి, ముందు చక్రాలు గాలిలోకి లేచినప్పుడు, "చూశావా, మొండి బండి" అని మెచ్చుకునే నిష్పక్షపాత పరీక్షకులు మాకు కొరత లేదు.

పేరుబలం సంగతి కూడా చెప్పాలి. రాజులు ఏలిన ఊరు కావడం వలన, మహీంద్రావారు తమ 15 హార్స్‌పవర్ల బండికి యువరాజ్ అని పేరు పెట్టడం ఇక్కడ కొందరికి అమితంగా నచ్చింది. రాజావారి కోట ఉన్న ఊరిలో దున్నడానికి యువరాజే తగునని వారి వాదం. వీఎస్టీవారి బండికి శక్తి అని పేరు. శ్రావణ శుక్రవారం నాడు కొంటే దానికి తిరుగులేదట. 2023 ఆగస్టు 15న కేప్‌టౌన్‌లో ఆవిష్కరించి, మన జహీరాబాదులో తయారు చేస్తున్న ఓజా శ్రేణికి ఓజస్సు అనే సంస్కృత పదమే మూలం కనుక, రిటైరైన హెడ్మాస్టారు ఒకరు దాని గేరుబాక్సును చూడకుండానే సమర్థించారు. రంగుల విషయంలో ఎరుపు పక్షం, నీలం పక్షం, నారింజ పక్షం ఉన్నాయి. ఆ చర్చ పంచాయతీ ఎన్నికల వైపు జారిపోతుందని దానిని ప్రతిసారీ మధ్యలోనే వాయిదా వేస్తారు.

ఇంతమంది పండితుల నడుమ నేనొక తప్పు చేశాను. మధ్యప్రదేశ్‌లో నర్మద ఒడ్డున బుధ్నీ అనే ఊరు ఉంది. అక్కడ 1955లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలు ఇస్తుంది. బానెట్ మీద రాసిన హార్స్‌పవర్ ఇంజిన్‌ది. పీటీఓ దగ్గరకు, అంటే రోటావేటర్ వంటి పనిముట్లను తిప్పే వెనుక కడ్డీకి, చేరేది అంతకంటే తక్కువ. ఆ చేరేది ఎంతో వారు యంత్రానికి కట్టి కొలుస్తారు. ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు ఎన్ని గ్రాముల డీజిల్ తాగుతున్నదో తూస్తారు. లిఫ్ట్ ఎంత ఎత్తుతుందో, బ్రేకు తొక్కితే ఎంత దూరంలో ఆగుతుందో రాస్తారు. పొడి నేలలోనూ బురదలోనూ నడిపించి, ఆపైన ఇంజిన్‌ను విప్పి, లైనర్లూ రింగులూ బేరింగులూ ఎంత అరిగాయో లెక్క తీస్తారు. అన్నిటికంటే నాకు పనికివచ్చేది ఇంకొకటి ఉంది: దమ్ములో తిప్పిన తరువాత క్లచ్ గూటిలోకి, బ్రేకుల్లోకి, ముందు ఇరుసులోకి నీరూ బురదా చొరబడ్డాయా లేదా అన్నది. మా ప్రాంతంలో చిన్న బండ్లు చచ్చేది ఇంజిన్ అరిగి కాదు. నాలుగు చక్రాలూ లాగే బండికి ముందు ఇరుసులోనూ పళ్ళ చక్రాలుంటాయి. కేజ్ వీల్స్ (దమ్ముకు తగిలించే ఇనుప చట్రాల చక్రాలు) మధ్య చుట్టుకున్న గడ్డీ, పాత నారు మొదళ్ళూ ఆయిల్‌ను లోపల, నీటిని బయట ఆపే ఆయిల్ సీల్‌ను కోసేస్తాయి, నీరు లోపలికి దిగుతుంది, ఆయిల్ పాల రంగుకు తిరుగుతుంది, యజమాని దానిని చూడడు, దీపావళి నాటికి లోపల పళ్ళు ఊడుతాయి. ఇదంతా వివరించి, ఒక నివేదికను అచ్చు వేయించి టీ కొట్టులో పెట్టాను.

కమిటీ దానిని గౌరవంగానే అందుకుంది. హెడ్మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని రెండు పేజీలు చదివారు. తీర్పు మాత్రం ఇటుక బట్టీవారే చెప్పారు: నర్మద బురదకూ మహేంద్రతనయ బురదకూ చుట్టరికం లేదు. పైగా, విప్పి చూసిన ఇంజిన్‌ను నమ్మేదెవరు, ఒకసారి విప్పినది మళ్ళీ మొదటిలా బిగుసుకుంటుందా అని మా బావమరిది ప్రశ్నించాడు. నాకు అమ్మబోయేది ఆ విప్పిన బండి కాదని చెప్పబోయాను గానీ, అప్పటికే టీలు వచ్చాయి.

ఇక్కడ సరిహద్దు సంగతి వస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం ఒడిశాలోనూ, జమీందారీలోని చాలా గ్రామాలు ఇప్పటి ఆంధ్ర వైపూ పడ్డాయని చరిత్ర పుస్తకాల్లో ఉంది. దాని పర్యవసానం ట్రాక్టర్ మీద ఎలా ఉంటుందో ఆ పుస్తకాల్లో లేదు. రాయితీ కాగితాలు ఒడియాలో, పట్టా ఒడియాలో, నా సంతకం తెలుగులో. బండి ఇటు కొంటే రిజిస్ట్రేషన్‌కు తిప్పలు లేవు, కానీ ఆయిల్ సీల్ దొరికేది పాతపట్నంలో. అటు టెక్కలిలో కొంటే సీల్ ముందే దొరుకుతుంది, కానీ వారంటీ మీద రావలసిన మెకానిక్ ఎల్ల దాటేసరికి మనసు మార్చుకుంటాడు. పోయిన ఏడు మా చిన్నాన్న కొన్న బండి సరిగ్గా ఆషాఢంలో ఆగిపోతే, అమ్మినవారు ఇరవై నాలుగు గంటల్లో మనిషిని పంపుతామని మాట ఇచ్చారు. వారు ఆ మాట తప్పలేదనే నా నమ్మకం. ట్రాక్టర్‌కు ఉండే గంటల మీటరు ఇంజిన్ తిరిగితేనే తిరుగుతుంది. ఇంజిన్ ఆగి ఉంది గనుక ఆ లెక్కలో ఇరవై నాలుగు గంటలు నేటికీ పూర్తి కాలేదు. ఈలోగా చిన్నాన్న వారంటీ పుస్తకం తెచ్చి నన్ను చదవమన్నాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు పనిచేసిన ఊరిలో, జనం మాట్లాడే భాషే రాత భాష కావాలని ఆయన పోరాడిన తరువాత కూడా, చేతికి వచ్చిన ఆ పుస్తకం ఒక వైపు ఇంగ్లీషు, ఒక వైపు హిందీ. అందులో చిన్నాన్నకు అర్థమైనది అట్ట మీద తలపాగాతో నవ్వుతున్న రైతు బొమ్మ ఒక్కటే.

ఆ బండి ఎందుకు ఆగిందో కూడా చెప్పడం న్యాయం. మొదటి 50 గంటలకు ఇంజిన్ ఆయిల్ మార్చాలి. కొత్తగా రాపిడి పడే భాగాల నుంచి ఊడిన ఇనుప రజను ఆ ఆయిల్లోనే ఉంటుంది. కొత్త బండికి ఆయిల్ మార్చడమంటే కొత్త కోడలిని ఆసుపత్రికి తీసుకువెళ్ళడం వంటిదని, ఊరు ఏమనుకుంటుందోనని చిన్నాన్న మార్పించలేదు. గాలి వడపోత గిన్నెలోని ఆయిల్‌ను నూర్పుల కాలంలో రోజూ చూడాలి. ఆయన రోజూ చూసేది అద్దానికి కట్టిన నిమ్మకాయలనూ మిరపకాయలనూ. అవి ఎప్పుడూ తాజాగానే ఉండేవి. క్లచ్ మీద ఎడమకాలు ఆనించి కూర్చోవడం ఆయనకు ఒంటినొప్పులకు మందు. ఇంత సేవ చేయించుకుని కూడా బండి ఆగిపోయిందంటే అది తయారీ లోపమేనని టీ కొట్టు ఏకగ్రీవంగా తీర్మానించింది, ఆ రంగు బండ్లన్నిటినీ ఒక సంవత్సరం పాటు వెలివేసింది.

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. నేను ఆ మిగులుతో ఒక జత సీళ్ళు, ఫిల్టర్లు, ఒక ఫ్యాన్ బెల్టు ముందే కొని ఇంట్లో ఉంచుకుందామన్నాను. ఆ సొమ్ముతో పైకప్పు, పాటల పెట్టె, నెమలి బొమ్మల స్టిక్కర్లు వేయిస్తే బండికి మళ్ళీ అమ్మకం విలువ పెరుగుతుందని కమిటీ సవరించింది. కొనని బండిని ఎంతకు అమ్మాలో మా దగ్గర ఇప్పటికే ఒక ధర నిర్ణయమై ఉంది.

చిన్న యంత్రాల మీద అపనమ్మకం ఈ ఊరికి సహజం కాదు. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో రాజావారు వేయించిన రెండున్నర అడుగుల పట్టాల మీద చిన్న రైలు నూరేళ్ళు దాటి నడిచింది. 2004లో పట్టాలు వెడల్పు చేయడానికి ఆపేదాకా దాని గట్టితనాన్ని ఎవరూ శంకించలేదు. దాని రేకు మందం గురించి టీ కొట్టులో ఇప్పటికీ కథలు చెబుతారు. దానికొక షెడ్డు ఉండేదని, సాయంత్రం పడగానే చేతిలో నూనె డబ్బాతో దాని కిందకు దూరడానికి జీతం తీసుకునే మనుషులు ఉండేవారని నేను గుర్తు చేస్తే, హెడ్మాస్టారు ఒక్కరే తల ఊపారు. ఆయన తండ్రి ఆ మనుషుల్లో ఒకరట. ఆ మాట అన్నాక ఆయన ఆ పూట ఓజస్సు ఊసు ఎత్తలేదు.

ఈ విధంగా వైశాఖం పోయి, జ్యేష్ఠం పోయి, తొలకరి పడింది, ఆకుమడి ఎదిగింది, దమ్ములకు బండి కావలసి వచ్చింది. అవతలి వీధిలో ఒకాయన దగ్గర ఇరవై ఏళ్ళు దాటిన ట్రాక్టర్ ఉంది. దాని బానెట్ ఎప్పుడో పోయింది కనుక రేకు పరీక్షకు అది అనర్హం; ఏ రంగుదో ఎవరికీ గుర్తు లేదు; పేరున్న పట్టీ ఊడిపోయింది. సీటు కింద పెట్టెలో మాత్రం రెండు ఆయిల్ సీళ్ళు, ఒక బెల్టు, గుడ్డలో చుట్టిన స్పానర్లు ఉంటాయి. చీకటి పడ్డాక ఆయన టార్చిలైటు పట్టుకుని దాని కిందే కనిపిస్తాడు. నా నాలుగెకరాలనూ అదే దమ్ము చేసింది. కిరాయి గంటల లెక్కన. దాని గంటల మీటరు చాలా ఏళ్ళుగా పని చేయడం లేదు కనుక, గంట ఎంతసేపు అన్నది ఆయన చేతి గడియారాన్ని బట్టి ఉంటుంది. ఆ గడియారం నమ్మదగినదో కాదో తేల్చడానికి రేపు సాయంత్రం టీ కొట్టులో సమావేశం ఉంది.