పిక్క అక్కడ, పప్పు ఇక్కడ

పలాస, కాశీబుగ్గ ఫ్యాక్టరీల్లో ఒలిచే జీడి పిక్కలన్నీ ఉద్దానంలో కాసినవే అనుకుంటే పొరపాటు. ఆఫ్రికా నుంచి ఓడల్లో వచ్చే పిక్క లేకపోతే అక్కడ చాలా బట్టీలు ఏడాది పొడవునా మండవు. ఆ పిక్క పంపే దేశాల్లో గినీ-బిస్సావు ఒకటి. 20 లక్షలకు కాస్త పైన జనాభా ఉన్న ఆ దేశానికి ఎగుమతుల రాబడిలో 90 శాతానికి పైగా జీడి నుంచే వస్తుంది. పంటలో దాదాపు అంతా గుల్ల కూడా తీయకుండా మన దేశానికీ వియత్నాంకూ వెళ్లిపోతోంది. గుల్ల కొట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగ్, ప్యాకింగ్... కూలి పుట్టే పనులన్నీ సముద్రం దాటాకే మొదలవుతాయి.

ఏప్రిల్, మే నెలల్లో అక్కడి ఊళ్లలో ఇంటిల్లిపాదీ తోటల్లోనే ఉంటారు. రాలిన పండ్లు ఏరి, పిక్కను మెలితిప్పి తీసి ఎండబోస్తారు. పండ్ల రసం పులిస్తే ఊరికి అదే కల్లు. పిక్కలకు మాత్రం చాలాచోట్ల డబ్బులు రావు, బియ్యం వస్తుంది. ధర బాగుంటే కిలోకు కిలో. పడిపోయిన ఏడాది రెండు మూడు కిలోల పిక్క పోస్తేగానీ కిలో బియ్యం దక్కదు. తీరం వెంట మడ భూముల్లో తరాలుగా వరి పండించిన జనం ఇలా దిగుమతి బియ్యానికి చేయి చాచాల్సి వస్తోంది. సీజన్ మొదట్లో ప్రభుత్వం ధర ప్రకటిస్తుంది. వానలు ముంచుకొచ్చి ఇంట్లో గింజలు నిండుకుంటే, దళారీ చెప్పిందే ధర.

మరి ఫ్యాక్టరీలు పెట్టుకోవచ్చు కదా? అనడం తేలికే. రాజధాని బిస్సావుకు కరెంటు తీరంలో లంగరేసిన ఒక విదేశీ నౌక నుంచి వచ్చేది. బాకీ కట్టలేదని 2023 అక్టోబరులో ఆ నౌక సరఫరా ఆపేస్తే నగరం చీకటైపోయింది. పైగా కుట్రల టెన్షన్. 2012 ఏప్రిల్‌లో, సరిగ్గా జీడి సీజన్‌లో, సైన్యం గద్దెనెక్కింది. 2025 నవంబరులో ఎన్నికల ఫలితాలకు ఒక్కరోజు ముందు మళ్లీ అదే పని చేసింది. ఇలాంటి చోట పదేళ్లకు తీరే అప్పు ఏ బ్యాంకు ఇస్తుంది?

ఆఫ్రికాలోనే మరో జీడి దేశం బెనిన్ 2024లో పచ్చి పిక్కల ఎగుమతిని నిషేధించింది. ఒలిచే యంత్రాలు అంతగా లేని గినీ-బిస్సావు అదే దారి పడితే నష్టపోయేది రైతే. ఇక్కడి రైతుకూ ఈ వ్యాపారం కలిసిరాలేదు. 80 కిలోల బస్తాకు 16 వేలు ఇవ్వాలని 2023లో ఉద్దానం రైతులు రోడ్డెక్కారు. దిగుమతుల వల్లే ధర పడిపోతోందన్నది వారి ఫిర్యాదు. అందులో నిజం లేకపోలేదు. కానీ అవతలి రైతు గతిలేక తెగనమ్ముకున్నంతకాలం ఇక్కడి ధర కూడా పైకి లేవదు.

అందుకే గినీ-బిస్సావుకు భారత్ ఇచ్చే సాయం భవనాలకూ శిక్షణ తరగతులకూ కాక, ఊళ్ల దగ్గర గోదాములకు వెళ్లాలని మా అభిప్రాయం. నిల్వ పెట్టిన పిక్క మీద రైతుకు అప్పు పుడితే, వానలకు భయపడి అమ్ముకోవాల్సిన అవసరం ఉండదు. ఫ్యాక్టరీల మాట ఆ తర్వాత, కరెంటు నిలకడగా వచ్చాక.