సీలు మార్చుడి, వాలు మాటెత్తకుడి

థర్మల్ విద్యుత్ కేంద్రాలలో టర్బైన్ బేరింగు పెడెస్టల్ (తిరిగే షాఫ్టును మోసే బేరింగు ఉండే పెట్టె) కింద నూనె కారడం గురించి కొందరు యువ ఇంజనీర్లు ఈమధ్య అనవసరమైన ఆలోచనలు చేస్తున్నారని వినికిడి. నూనె కారితే దాన్ని ఆపే సీలు మార్చాలనే పెద్దల ఆచారాన్ని పక్కన పెట్టి, కారుతున్న ఆ నూనె అసలు ఎక్కడికి పోవలసింది, ఎందుకు పోలేకపోయింది అని ప్రశ్నలు వేయడం, అంతటితో ఆగక టర్బైన్ అంతస్తు దిగి, టార్చిలైటు పట్టుకుని, నూనెను ట్యాంకుకు తిరిగి చేర్చే డ్రెయిన్ పైపు వెంట నడవడం వంటి చర్యలకు వారు పాల్పడుతున్నారట. ఈ ధోరణి ముదరకముందే కొన్ని సంగతులు స్పష్టం చేయడం బాధ్యత గల పౌరుడిగా నా విధి అని భావిస్తున్నాను.

ముందుగా నేరస్థలాన్ని పరిశీలిద్దాం. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పెద్ద టర్బైన్లు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతాయి. 300 మిల్లీమీటర్ల వ్యాసం గల షాఫ్టు ఆ లెక్కన తిరిగితే దాని ఉపరితలం సెకనుకు 47 మీటర్లు, అంటే గంటకు దాదాపు 170 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. ఆ షాఫ్టుకూ, కింద ఉన్న బాబిట్ అనే మెత్తని మిశ్రమలోహపు పూతకూ నడుమ పలుచని పొరగా నిలబడి టన్నుల బరువును మోసేది నూనె. 40, 45 డిగ్రీల దగ్గర లోపలికి వెళ్లిన నూనె ఆ మోతకు కూలిగా మరో పదిహేను ఇరవై డిగ్రీల వేడిని మూటగట్టుకుని బయటపడుతుంది. బయటపడేటప్పుడు దానికి పాత రూపం ఉండదు. కొంత నురగగా, కొంత తుంపరగా, కొంత షాఫ్టు విసురుకు గదిగోడల మీద పాకే పొరగా మారి ఉంటుంది. ఈ నూనెను లోపలికి పంపడానికి పంపు ఉంది, ఆ పంపు ఆగితే అందుకోవడానికి మరో పంపు ఉంది, పీడనం చూపే గేజీ ఉంది, పీడనం తగ్గితే మోగే అలారం ఉంది, మరీ తగ్గితే యంత్రాన్నే ఆపేసే ట్రిప్పు ఉంది. బయటికి రావడానికి మాత్రం భూమ్యాకర్షణ ఒక్కటే ఉంది. భూమ్యాకర్షణకు నిర్వహణ ఖర్చు లేదు, దానికి ఓవర్‌హాల్ అక్కరలేదు. కాబట్టి దాని గురించి ఎవరూ ఆలోచించనక్కరలేదని మన పూర్వులు తీర్మానించారు.

ఇక సీలు విషయం. ఆయిల్ డిఫ్లెక్టర్ అన్నా, ఆయిల్ గార్డ్ అన్నా, లాబరింత్ అన్నా అందులో ఉండేవి షాఫ్టు చుట్టూ వరుసగా నిలిచిన పలుచని పళ్లు. ఆ పళ్లు షాఫ్టును తాకవు, తాకకూడదు; మధ్యలో మిల్లీమీటరులో కొంత భాగం ఖాళీ కావాలనే వదులుతారు. ఖాళీ ఉన్న చోట నూనె ఎలా ఆగుతుందని మీరు అడగవచ్చు. పెడెస్టల్ లోపలి పీడనం బయటి హాలులోని పీడనం కంటే రవ్వంత తక్కువగా ఉంటే ఆ ఖాళీ గుండా బయటి గాలి నెమ్మదిగా లోపలికి ప్రవహిస్తూ, బయటికి రాబోయే నూనె తుంపరను వెనక్కి నెట్టుతూ ఉంటుంది. లోపలి పీడనం రవ్వంత ఎక్కువైతే అదే ఖాళీ గుండా నూనె బయటికి వస్తుంది. సీలు అదే, పళ్లు అవే, ఖాళీ కూడా అంతే. ఈ మాట వినగానే సీలు నిర్దోషి అని తొందరపడి తీర్పు చెప్పేవారున్నారు. వారు మన కొనుగోలు విభాగం మనోభావాలను పరిగణించడం లేదు.

ఆ రవ్వంత పీడనం తగ్గించేది మెయిన్ ఆయిల్ ట్యాంకు మీద ఒక మూలన తిరుగుతూ లోపలి గాలినీ నూనె ఆవిరినీ బయటికి లాగే వేపర్ ఎక్స్‌ట్రాక్షన్ ఫ్యాను. వందల మెగావాట్ల యంత్రం పక్కన దీని మోటారు లెక్కలోకి రాదు. ఇది ట్యాంకులో సృష్టించే శూన్యాన్ని నీటి మట్టంలో మిల్లీమీటర్లతో కొలుస్తారు. ప్రధాన ఆవిరి పీడనాన్ని చదరపు సెంటీమీటరుకు నూరు కిలోలకు పైగా చెప్పుకునే సమీక్షా సమావేశంలో లేచి, ‘అయ్యా, మన ట్యాంకులో శూన్యం పది మిల్లీమీటర్ల నీరు తగ్గింది’ అని ఏ ముఖం పెట్టుకుని చెబుతారు? అందుకే ఆ శూన్యాన్ని కొలిచే మానోమీటరు గొట్టంలో నీరు ఎండిపోయినా ఎవరూ నింపరు, ఫ్యాను ముందున్న మిస్ట్ ఫిల్టరు నూనెతో తడిసి గాలి ఆడకపోయినా ఎవరూ విప్పరు. దీన్ని నిర్లక్ష్యం అనకూడదు. పెద్ద విషయాల మీద ఏకాగ్రత అనాలి.

ట్యాంకులోని ఆ శూన్యం పైనున్న పెడెస్టల్ దాకా ఏ దారిన వెళుతుంది? డ్రెయిన్ పైపులో నూనె లేని పై సగం గుండా వెళుతుంది. ఇక్కడే అసలు వివాదం ఉంది. పెట్రోలియం, రసాయన కర్మాగారాల యంత్రాల కోసం అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారు వెలువరించిన 614వ ప్రమాణం, నూనె తిరిగివచ్చే పైపు సగానికి మించి నిండకూడదనీ, మీటరుకు 40 మిల్లీమీటర్ల చొప్పున ఎడతెగకుండా ట్యాంకు వైపు వాలి ఉండాలనీ నిర్దేశిస్తుంది. మొదటి షరతు చూడండి: ప్రజాధనంతో కొన్న పైపులో సగం ఖాళీగా ఉంచాలట! ఏ ఆడిట్ అధికారి ఒప్పుకుంటాడు? సగం ఖాళీగా ఉన్న పైపును చూసిన ప్రతి మితవ్యయశీలికీ సగం వ్యాసంలో అదే పని జరుగుతుందనే ఆలోచన రావడం సహజం. రెండో షరతు ఇంకా దారుణం. పది మీటర్ల పైపుకు 400 మిల్లీమీటర్ల పల్లం కావాలంటే దారిలో ఉన్న కాంక్రీటు స్తంభం, ఆ తర్వాత వచ్చిన కేబుల్ ట్రే, అంతకు తర్వాత వచ్చిన నిచ్చెన, ఇవన్నీ ఎక్కడికి పోవాలి? మనవారు పైపును ట్రే మీదుగా కొంచెం ఎత్తి, అవతల కొంచెం దించి, పనిలో పనిగా ఒక సపోర్టు తీసేసి సర్దుకున్నారు. అక్కడ పైపుకు చిన్న బొజ్జ వచ్చింది. బొజ్జలో నూనె నిలిచింది. నిలిచిన నూనె పైపును నిండుగా మూసింది, గాలి దారి పోయింది, ఫ్యాను సృష్టించిన శూన్యం బొజ్జకు ఇవతలే ఆగిపోయింది. అవతల పెడెస్టల్‌లో నురగ మట్టం పెరిగి, లోపలి గాలికి వేరే దారి లేక సీలు గుండా బయటికి వస్తూ నూనెను వెంటబెట్టుకు వచ్చింది. వెంటనే సీలు మార్చమని ఆదేశాలు వెలువడ్డాయి. అత్త మీద కోపం దుత్త మీద చూపడం ఇంత పద్ధతిగా, ఫైలు నంబరుతో సహా జరగడం మరెక్కడా చూడలేము.

సీలును ఎంచుకోవడంలో ఉన్న పాలనాపరమైన సౌలభ్యాన్ని విమర్శకులు అర్థం చేసుకోవాలి. సీలుకు పార్ట్ నంబరు ఉంది, డ్రాయింగు ఉంది, మూడు కొటేషన్లు తెప్పించవచ్చు, పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి ఫోటో తీయవచ్చు. వాలుకు టెండరు పిలవలేము. పైగా షట్‌డౌన్‌లో కొత్త సీలు బిగించాక కొన్ని వారాలపాటు కారడం నిజంగానే ఆగుతుంది కదా అని అనుభవజ్ఞులు గుర్తు చేస్తారు. అదే షట్‌డౌన్‌లో ఎవరో కాంట్రాక్టు కార్మికుడు చెప్పకుండానే ఫ్యాను ఫిల్టరు కడిగాడనీ, పైపులోని మడ్డి తీశాడనీ రికార్డులలో ఉండదు కాబట్టి ఆ కీర్తి యావత్తూ న్యాయంగా సీలుకే దక్కుతుంది. మళ్లీ కారినప్పుడు ఈసారి ఖాళీ ఇంకా బిగువుగా పెట్టమంటారు. బిగువుగా పెట్టిన పళ్లు యంత్రం లేచేటప్పుడు షాఫ్టుకు రాసుకుంటాయి, వైబ్రేషన్ పెరుగుతుంది, పళ్లు అరిగి ఖాళీ మునుపటి కంటే పెద్దదవుతుంది. వేడి వైపునున్న పళ్ల సందుల్లో చిక్కిన నూనె మాడి బొగ్గుగా గట్టిపడి షాఫ్టు మీద గాడి కూడా పెడుతుంది. అప్పుడు మరో సీలు కొనవలసి వస్తుంది. స్వయంపోషకమైన ఇటువంటి పరిశ్రమను ప్రోత్సహించడం మానేసి తప్పుపట్టడం ఏం న్యాయం?

చరిత్రలోనూ మన పద్ధతికి గౌరవనీయమైన పునాది ఉంది. 1883లో బోషాం టవర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు లండన్‌లోని మెకానికల్ ఇంజనీర్ల సంస్థ తరఫున బేరింగులలో రాపిడిని పరీక్షిస్తూ, నూనె పోయడానికని పైభాగంలో రంధ్రం తొలిచాడు. యంత్రం తిరగగానే ఆ రంధ్రంలోంచి నూనె పైకి పొంగింది. ఆయన కార్కు బిరడా పెట్టాడు. నూనె దాన్ని నెట్టేసింది. చెక్క మేకు కొట్టాడు, దాన్నీ నెట్టేసింది. ఇంతవరకు ఆయన మన సంప్రదాయంలోనే నడిచాడు. ఆ తర్వాతే దారి తప్పి, మూడో బిరడా కొనే బదులు రంధ్రానికి పీడనం కొలిచే గేజీ తగిలించాడు. అది చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటింది, బేరింగు మీది సగటు బరువుకు రెండింతలన్నమాట. దాని ఆధారంగా ఆస్బార్న్ రేనాల్డ్స్ 1886లో నూనె పొర సిద్ధాంతం రాయడం, ప్రపంచంలోని ప్రతి టర్బైను ఆ లెక్క మీద నిలబడటం జరిగిపోయాయి. ఒక మనిషి బిరడాలు కొనడం ఆపితే ఎంత అనర్థం జరుగుతుందో చూశారు కదా. మనం నూట నలభై ఏళ్లుగా నిష్ఠతో చెక్క మేకు దగ్గరే ఉన్నాం.

మరీ హేతువాదులు ఫ్యాను డాంపరు (గాలి ప్రవాహాన్ని అదుపు చేసే రేకు) పూర్తిగా తెరిచి శూన్యం పెంచేద్దామంటారు. అదీ మన సంస్కృతికి అనుకూలమే, ఎందుకంటే అప్పుడు సమస్య మరో విభాగానికి బదిలీ అవుతుంది. శూన్యం మితిమీరితే పక్కనే ఉన్న గ్లాండు (షాఫ్టు చుట్టూ ఆవిరిని ఆపే సీలు) నుంచి లీకయ్యే ఆవిరిని పెడెస్టల్ లోపలికి పీల్చుకుంటుంది, దుమ్మును కూడా పీలుస్తుంది. ఆవిరి నూనెలో నీరవుతుంది. నీటిని వేరుచేసే సెంట్రిఫ్యూజ్ రాత్రింబవళ్లు తిరుగుతుంది, నూనె పాలవలె తెల్లబడుతుంది, నేల మాత్రం పొడిగా ఉంటుంది. తనిఖీకి వచ్చేవారు చూసేది నేలనే.

కారిన నూనె నేల మీదికే వస్తుందన్న హామీ కూడా లేదు. హెచ్‌పీ కేసింగు (అధిక పీడన టర్బైన్ తొడుగు) పక్కనున్న పెడెస్టల్ నుంచి జారే నూనె 535 డిగ్రీల ఆవిరి మోసే భాగాల మీది లాగింగులోకి, అంటే వేడి పోకుండా చుట్టిన పొరలోకి, ఇంకుతుంది. పీచులాంటి ఆ లాగింగులో విస్తరించి, నెమ్మదిగా వేడెక్కి, ఒకనాడు పొగగా, ఇంకొకనాడు మంటగా బయటపడుతుంది. ఇది నవ్వే విషయం కాదని ఒప్పుకుంటాను. అయితే లాగింగుకు కూడా పార్ట్ నంబరు ఉంది.

ఈ జ్ఞానం విద్యుత్ కేంద్రాలకే పరిమితమని అనుకోకండి. ఏ ఆటోనగరులోనైనా లారీ టర్బోచార్జరు (ఇంజనులోకి గాలిని నెట్టే పరికరం) నూనె కక్కుతోందంటే వెంటనే వినబడే మాట ‘టర్బో పోయింది’ అనే. నిమిషానికి లక్ష చుట్లు దాటే ఆ చిన్న షాఫ్టుకూ ఉన్నది పిస్టన్ రింగు లాంటి సీలే. నిండుగా నిలిచిన నూనెను ఆపడం దాని తరం కాదు, కాబట్టే నూనె తనంతట తాను కిందికి జారిపోయేలా డ్రెయిన్ పైపును లావుగా, దాదాపు నిట్టనిలువుగా పెడతారు. ఇంజన్ రింగులు అరిగి, అడుగున నూనె నిలిచే సంపులో గాలి పీడనం పెరిగితే, లేదా పైపు ఎక్కడో నలిగితే నూనె కిందికి దిగదు, పక్కలకు పోతుంది. కొందరు మేస్త్రీలు ఫ్లాంజి దగ్గర గాస్కెట్టు చాలదని సిలికాన్ పేస్టు దట్టంగా పూస్తారు. బిగించగానే అది లోపలికి పిండుకుని ఆ పైపునే మూస్తుంది. లీకు ఆపడానికి పూసిన మందే లీకు కావడం శాస్త్రంలో అరుదైన సౌష్ఠవం. కొత్త టర్బో వస్తుంది, కొత్త పేస్టు వస్తుంది.

విమాన ఇంజన్లవారు ఈ విషయంలో మొదటినుంచీ పిరికివారు. విమానం ముక్కు ఎత్తుతుంది, పక్కకు ఒరుగుతుంది కనుక భూమ్యాకర్షణను నమ్మలేక, బేరింగు గదుల నుంచి నూనె తోడడానికి పంపులు పెట్టారు. పోసేది నూనె అయినా తోడవలసింది గాలి కలిసిన నురగ కాబట్టి తోడే పంపుల సామర్థ్యం పోసే పంపు కంటే ఎక్కువగా ఉంచారు. అదీ చాలక జర్మనీలోని కార్ల్స్‌రూ, ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయాలవారు, గదిలో సుడి తిరిగే గాలి గోడమీది నూనె పొరను డ్రెయిన్ రంధ్రం ముందునుంచే దాటించి మళ్లీ పైకి ఎలా ఈడ్చుకుపోతుందో ఏళ్లతరబడి అధ్యయనం చేశారు. ఇంత అతి జాగ్రత్త దేనికని అడిగితే 2010 నవంబరు 4 నాటి సంగతి చెబుతారు. సింగపూర్ నుంచి సిడ్నీకి 469 మందితో బయలుదేరిన క్వాంటాస్ ఎ380 విమానపు ఒక ఇంజనులో, బేరింగు గదికి నూనె చేర్చే చిన్న పైపు ముక్కకు లోపల తొలిచిన బెజ్జం కేంద్రం తప్పి ఒకవైపు గోడ పలచబడింది. అక్కడ పగులు వచ్చి, నూనె పోకూడని చోటికి పోయి అంటుకుంది. ఆ మంట చివరికి టర్బైన్ డిస్కు బద్దలై రెక్కను చీల్చుకుపోయేదాకా వెళ్లింది. అందరూ క్షేమంగా దిగారు. ఆస్ట్రేలియా దర్యాప్తువారు నూనె నడిచిన దారినంతా వెతికి, ఆ పైపు ముక్క దాకా వెళ్లి నివేదిక రాశారు. అక్కడ ఎవరికీ నాలుగు సీళ్లు మార్చి ఫైలు మూసేద్దామని తోచకపోవడం ఆశ్చర్యం.

కాబట్టి విజ్ఞులకు నా ప్రతిపాదన ఇది. పెడెస్టల్ కింద పెట్టే రేకు ట్రేను మూల డిజైన్‌లో భాగంగా గుర్తించి, దానికి డ్రాయింగు నంబరు కేటాయించాలి. రంపపు పొట్టును వినియోగ వస్తువుల జాబితా నుంచి కీలక స్పేర్ల జాబితాకు మార్చాలి. డ్రెయిన్ పైపుకు ఉన్న సైట్ గ్లాసులను ప్రతి పండక్కీ పెయింటు వేసే కార్యక్రమంలో తప్పక చేర్చాలి, ఎందుకంటే వాటిలోంచి చూసే అవకాశం ఉన్నంతకాలం ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు.

అయినా టార్చిలైటు పట్టుకుని తిరిగేవారు ఆగడం లేదు. అటువంటి ఒక యువ ఇంజనీరు, ఫలానా స్తంభం దగ్గర పైపు బొజ్జను 60 మిల్లీమీటర్లు పైకి లేపితే కారడం ఆగుతుందని ఒక పేజీ నివేదిక రాసి పంపాడట. అది నాలుగు బల్లలు తిరిగి, ఎర్ర సిరాతో ఒకే ప్రశ్న మోసుకుని అతని దగ్గరికే వచ్చిందట: ఈ 60 మిల్లీమీటర్లు స్టోర్స్‌లో నిల్వ ఉన్నాయా, లేక బయటినుంచి కొనాలా?