డిక్ట్‌కి వారసులు కావలెను

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో డిక్ట్ అనే క్లాసు (డేటా వస్తువులు తయారుచేసే అచ్చు) ఉంది. కీ ఇస్తే విలువ తీసి చేతిలో పెడుతుంది. ప్రపంచమంతా వాడుతున్నదాన్ని మనమూ ఉన్నదున్నట్టు వాడేసుకోవడం ఎంత పరువు తక్కువ! బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లోని మన తెలుగు కుర్రాళ్ళకి ఈ పట్టింపు ఎక్కువే. దాని గుణాలు వారసత్వంగా తెచ్చుకునే ఓ పిల్ల క్లాసుని సొంత పేరుతో పుట్టించనిదే కోడు మొదలుపెట్టరు. ఈ సదాచారాన్ని సమర్థించడానికే ఈ వ్యాసం.

అవసరం లేక చేస్తున్నారని ఆడిపోసుకోకండి. మనం బరంపురం అంటాం, ఒడియా కాగితాల్లో బ్రహ్మపుర, ఇంగ్లీషు బిల్లుల మీద బెర్హంపూర్. పార్సిల్ ఆఫీసు లెక్కల్లో మూడూ ఒకే పద్దు కింద పడాలి. అందుకని ఓ కుర్రాడు డిక్ట్‌కి వారసుణ్ణి పుట్టించి, విలువని లోపల పెట్టే డండర్ సెట్‌ఐటెమ్ అనే మెథడ్‌ని (క్లాసుకి అప్పజెప్పిన పనిని) తిరగరాసి, ఏ రూపంలో వచ్చినా బరంపురంగా మార్చి లోపల పెట్టమన్నాడు. చదరపు బ్రాకెట్లతో ఒక్కొక్కటీ వేసి చూపించాడు. దివ్యంగా పనిచేసింది. షావుకారు టీ తెప్పించాడు.

మర్నాడు రోజువారీ ఫైలంతా అప్‌డేట్ అనే మెథడ్‌తో ఒక్కసారే గుమ్మరించాడు.

"ఏటి బావూ, మనకి బరంపురాలు మూడున్నాయేటి?" అన్నాడు షావుకారు.

జరిగింది ఇంతే. డిక్ట్ వారి అప్‌డేట్, పిల్ల క్లాసు తిరగరాసిన మెథడ్ వైపు కన్నెత్తయినా చూడదు. నేరుగా లోపలి పట్టికలో రాసేస్తుంది. డిక్ట్‌ని పుట్టించేటప్పుడే కన్‌స్ట్రక్టర్‌కి ఇచ్చిన సరుకూ అంతే. గెట్ అని అడిగితే, విలువ తీసిచ్చే మీ డండర్ గెట్‌ఐటెమ్‌ని పిలవనే పిలవదు. తండ్రి ఆస్తి రాసిచ్చాడు గానీ, కొడుకు మాట వింటానని దస్తావేజులో ఎక్కడా రాయలేదు.

దీనికే డీలా పడతామా? చరిత్ర మన పక్షానే ఉంది. జావాలో 1996 నుంచీ స్టాక్ అనేది వెక్టర్ (ఎక్కడైనా చేర్చగలిగే వరస) సంతానం. పైన పెట్టి పైనుంచే తీయాల్సిన దొంతర్లో, వెక్టర్ పుణ్యమా అని నడిమధ్యన కూడా దూర్చొచ్చు. (అక్షరాల వరసైన స్ట్రింగ్‌ని మాత్రం వారసులు పుట్టకుండా ఫైనల్ చేసి తలుపు బిడాయించారు, పిసినారులు.) జావాస్క్రిప్ట్‌లో వారసత్వం దాకా కూడా ఆగలేదు. మూటూల్స్ లైబ్రరీ ఏకంగా అర్రేలన్నిటికీ (జాబితాలకి) మూలమైన అర్రే ప్రోటోటైప్‌కే, లోపలి జాబితాల్ని విప్పి పరిచే ఫ్లాటెన్ మెథడ్ అతికించింది. తర్వాతెప్పుడో భాషా కమిటీ అదే పేరుతో అసలు మెథడ్ తెద్దామనుకుంటే, పాత సైట్లు చెడిపోతాయని 2018లో బయటపడింది. చేసేది లేక కమిటీయే ఫ్లాట్ అని పేరు కుదించుకుని 2019 ప్రమాణంలో చేర్చింది. అతికించినవాళ్ళ పలుకుబడి అదీ!

గిట్టనివాళ్ళు కొందరు, పైథాన్‌తోనే వచ్చే కలెక్షన్స్ మాడ్యూల్లో యూజర్‌డిక్ట్ ఉందిగా అంటారు. డిక్ట్‌ని లోపల దాచుకుని పైన తొడుగులా ఉంటుందది. దాని అప్‌డేట్, కన్‌స్ట్రక్టర్ రెండూ తిరగరాసిన మెథడ్ మీదుగానే పోతాయి. మార్చాల్సింది ఒక ఇంపోర్టు, బ్రాకెట్లో ఒక పేరు. సరే, రెండు లైన్లకి ఆ కుర్రాడు షావుకారు దగ్గర బిల్లెంత వేస్తాడు పాపం?

కాబట్టి మనవాడు రాజమార్గం పట్టాడు. అప్‌డేట్ తిరగరాశాడు, కన్‌స్ట్రక్టర్ పని చేసే ఇనిట్ తిరగరాశాడు, కీ లేకపోతేనే పెట్టే సెట్‌డిఫాల్ట్, గెట్ కూడా. 2020లో వచ్చిన పైథాన్ 3.9 మాత్రం నిలువు గీత, పక్కన సమానం గుర్తు పెట్టి డిక్ట్‌లు కలిపేసే సదుపాయం ఇచ్చిందని ఆఫీసులో ఇంకో కుర్రాడికి తెలిసింది. ఆ సందులోంచి మళ్ళీ రెండు బరంపురాలు దిగాయి.

షావుకారు లెక్క చూసి, "పర్లేదు బావూ, ఒకటి తగ్గింది" అన్నాడు.