మెరుపు తర్వాత, ముందు డ్రాగ్ చూడండి

పాత పెన్ సెనేటర్ రీల్ (చేపల గాలం లైను చుట్టే చక్రం) దొరికితే ముందు తళతళలాడేలా పాలిష్ చేయమని ఒక వ్యాసంలో చదివాను. నా లెక్క వేరు. 1932లో ఫిలడెల్ఫియాలో మొదలైన పెన్ కంపెనీ 1936లో సముద్రపు పెద్ద చేపల కోసం తెచ్చిన రీల్ అది. దానికి ప్రాణం లోపలి డ్రాగ్ వాషర్లు, అంటే చేప లాగినప్పుడు లైను మెల్లగా జారేలా పట్టి ఉంచే బ్రేకు బిళ్లలు. అవి పాతబడి గట్టిపడితే లైను కుదుపులతో జారుతుంది, చేప లాగిన క్షణంలో పుటుక్కున తెగుతుంది. కార్బన్ వాషర్లు వేసి, పలచగా డ్రాగ్ గ్రీజు రాస్తే చాలు.

చిలుముకు వెనిగర్ మంచిదే, కానీ కొద్ది నిమిషాల్లోనే బయటకు తీసేయాలి. న్యూజెర్సీలో గరాజ్ సేల్‌లో కొన్నదాన్ని నేను రాత్రంతా నానబెట్టాను. పొద్దున్నే చూస్తే క్రోమ్ పూత పొరలుగా లేచి, కింద ఇత్తడి బయటపడింది! పూజ గదిలో చెంబులా ఉందని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.