సవరణ: కిలో లోపు గంజాయి, కేసు, తూకం

హైదరాబాద్‌లో కిలో లోపు గంజాయి దొరికితే కేసు ఉండదని ముందటి పోస్టులో ఉన్న వాక్యం సరికాదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో (మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం) అది ‘తక్కువ పరిమాణం’ కిందికి వస్తుంది, అంతే. ఏడాది దాకా కఠిన జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. 20 కిలోలు దాటితే బెయిలే గగనం.

అసలు చిక్కు తూకంలో ఉంది. చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొసలు. కొసలు లేకుండా విడిగా దొరికిన ఆకులు, గింజలు లెక్కలోకి రావు, అందుకే భంగు ఈ చట్టం బయట ఉంది. ఒకే మొక్కను ఇలా చీల్చిన గీత 1961 ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో కుదిరిన రాజీ. దానికి శాస్త్రీయ ఆధారం అని పేరు పెట్టడం మాకు సమ్మతం కాదు. పంచనామాలో దేన్ని తూచారో, బస్తా బరువు తీసేశారో లేదో తప్పక చూడండి. ఈ చట్టం కింద వచ్చిన 2022 నిబంధనల ప్రకారం మేజిస్ట్రేటు ఎదుట కనీసం 24 గ్రాముల చొప్పున రెండు నమూనాలు తీయాలి.

గంజాయి వాడారా అని చేసే మూత్ర పరీక్ష పాజిటివ్ అయితే ఆ మనిషి అప్పుడు మత్తులో ఉన్నాడని కాదు. రోజూ గంజాయి తాగేవారిలో ఆనవాళ్లు వారాల తరబడి ఉంటాయి. వ్యసనం నుంచి బయటపడాలని తానే చికిత్సకు వెళ్లినవారికి ఇదే చట్టంలోని 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. దీన్ని లాయరుతో మొదటి రోజే మాట్లాడండి.